ఒకే రేట్లకు మూడు వేరియన్సులు ఎందుకొచ్చాయి?

తమ్ముడూ, ముందు నీ ప్రశ్నను నా మాటల్లో చెప్తా, సరిగ్గా అర్థం చేసుకున్నానో లేదో చూడు. వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లో ఐదు రోజుల తేజ మిర్చి రేట్లు తీసుకున్నావు. క్వింటాలుకు 13,500, 14,000, 13,800, 14,200, 14,500. పక్క వరుసలో వండర్ హాట్ అనే ఇంకో మిర్చి రకం రేట్లు, 15,500, 16,000, 15,800, 16,200, 16,500. తేజకు ఇంటర్‌లో నేర్చుకున్నట్టు చేత్తో వేరియన్స్, అంటే రేట్లు సగటు చుట్టూ ఎంత చెదిరాయో చెప్పే లెక్క, కడితే 1,16,000 వచ్చింది. పైథాన్ లైబ్రరీ పాండాస్‌లో అదే కాలమ్‌కు వార్ (వేరియన్స్ ఫంక్షన్) అని కొడితే 1,45,000. రెండు రకాలూ ఉన్న అర్రేని, అంటే సంఖ్యల పట్టికని, నమ్‌పై అనే ఇంకో లైబ్రరీకి ఇస్తే ఏకంగా 11,16,000. "బగ్ లైబ్రరీలో ఉందా, నా కోడ్‌లో ఉందా? మిర్చి వేసే నాన్నకు ఏ రకం రేటు ఎక్కువ ఊగుతుందో చెప్పాలి, ఏ నంబర్ పట్టుకోవాలి?" అని అడిగావు.

బగ్ ఎక్కడా లేదు. నువ్వు మూడు వేరువేరు ప్రశ్నలు అడిగావు, మూడింటికీ సరైన జవాబే వచ్చింది. వేరియన్స్ అని ఒక్క పేరు పెట్టుకున్నాం గానీ, దాని లోపల రెండు మూడు నిర్ణయాలు దాగి ఉంటాయి. మనం చెప్పకపోతే లైబ్రరీ తనకు నచ్చినట్టు తీసుకుంటుంది. ఒక్కో లైబ్రరీకి ఒక్కో అలవాటు.

మొదట చేతి లెక్కే చూద్దాం. ఐదు రేట్లు కలిపితే 70,000, సగటు 14,000. సగటు నుంచి తేడాలు మైనస్ 500, 0, మైనస్ 200, 200, 500. వాటి వర్గాలు కలిపితే 5,80,000. ఇక్కడి వరకు ఎవరికీ గొడవ లేదు. దీన్ని 5తో భాగిస్తే 1,16,000, 4తో భాగిస్తే 1,45,000. చేతి లెక్కకూ పాండాస్‌కూ మధ్య ఉన్న తేడా అంతా ఈ భాగహారమే. తెలుగు మీడియంలో విస్తృతి అని చదివినప్పుడు ఎన్‌తో, అంటే ఎన్ని సంఖ్యలుంటే అంతతో, భాగించమన్నారు. పాండాస్ ఏమీ చెప్పకపోతే ఎన్ మైనస్ 1తో భాగిస్తుంది. నమ్‌పై మాత్రం మన ఇంటర్ పుస్తకం లాగే ఎన్‌తో భాగిస్తుంది.

ఒకటి ఎందుకు తగ్గించాలి అనేది చాలామంది కంఠస్థం చేసి వదిలేస్తారు. నీ తేడాలనే చూడు. మొదటి నాలుగు మైనస్ 500, 0, మైనస్ 200, 200. ఐదోది చెప్పకుండా దాచినా నువ్వు చెప్పేయగలవు, 500 అని. సగటు నుంచి తేడాలన్నీ కలిపితే సున్నా రావాల్సిందే కాబట్టి ఐదోదానికి సొంత ఇష్టం లేదు. అంటే స్వేచ్ఛగా తిరిగే సంఖ్యలు నాలుగే.

ఇంకో వైపు నుంచి చూస్తే ఇంకా బాగా దిగుతుంది. సీజన్ మొత్తానికి తేజ అసలు సగటు 14,100 అనుకుందాం. ఈ ఐదు రోజుల తేడాలను 14,100 నుంచి లెక్కపెడితే వర్గాల మొత్తం 6,30,000 అవుతుంది. మనకు అసలు సగటు తెలియక, ఈ ఐదింటి సొంత సగటు వాడాం, 5,80,000కే ఆగింది. ఏ డేటాకైనా దాని సొంత సగటు దగ్గరే ఈ మొత్తం అన్నిటికంటే తక్కువ ఉంటుంది. కాబట్టి శాంపిల్ నుంచి కట్టిన లెక్క ఎప్పుడూ కొంచెం తక్కువ వైపే ఒరుగుతుంది. ఆ ఒరుగుడును సరిచేయడానికే కింద 5 బదులు 4. దీన్ని బెస్సెల్ సవరణ అంటారు. 1838లో ఒక నక్షత్రం దూరం కొలిచి చూపించిన జర్మన్ ఖగోళ శాస్త్రవేత్త బెస్సెల్ పేరు అది.

మరి ఎప్పుడు ఏది? ఆ ఐదు రోజులే నీ ప్రపంచం, వాటి గురించే చెప్తున్నావు అంటే ఎన్. ఆ ఐదు రోజులను చూసి సీజన్ గురించి అంచనా వేస్తున్నావు అంటే ఎన్ మైనస్ 1. నీది రెండోది, కాబట్టి 1,45,000 తీసుకో. ఐదు సంఖ్యలే ఉన్నాయి కాబట్టి తేడా 25 శాతం కనిపిస్తోంది. 250 రోజుల డేటా ఉంటే అర శాతం కూడా ఉండదు, అప్పుడు దీని గురించి టెన్షన్ పడటం టైం వేస్ట్.

నమ్‌పైలో దీన్ని మార్చే ఆప్షన్ పేరు డీడాఫ్. కింద ఎంత తగ్గించాలో అది చెప్తుంది. మామూలుగా 0 ఉంటుంది, 1 ఇస్తే పాండాస్ జవాబే వస్తుంది. పాండాస్‌లో కూడా ఇదే పేరు, అక్కడ మామూలుగా 1. పైథాన్‌తో పాటే వచ్చే స్టాటిస్టిక్స్ మాడ్యూల్‌లో రెండింటికీ వేరే ఫంక్షన్లే ఉన్నాయి. వేరియన్స్ అంటే ఎన్ మైనస్ 1, పీవేరియన్స్ అంటే ఎన్. నాకు ఇదే నచ్చుతుంది, పేరు చదివితేనే తెలిసిపోతుంది. ఆర్, మాట్‌ల్యాబ్, జూలియా, పైటార్చ్ లాంటి లెక్కల సాఫ్ట్‌వేర్లన్నీ చెప్పకపోతే ఎన్ మైనస్ 1 వైపే. ఎక్సెల్‌లో వార్ డాట్ ఎస్ (ఎన్ మైనస్ 1), వార్ డాట్ పీ (ఎన్) అని రెండున్నాయి. అంటే నమ్‌పైని పైటార్చ్‌కి మార్చిన రోజు రిజల్ట్ కొంచెం కదిలితే మోడల్‌ను అనుమానించే ముందు ఇది చూసుకో.

ఇక మూడో నంబర్, 11,16,000. ఇది దిక్కుకు సంబంధించినది. నమ్‌పైకి రెండు వరుసల అర్రే ఇచ్చి యాక్సిస్, అంటే ఏ దిక్కున లెక్క కట్టాలో, చెప్పకపోతే అది వరుసలన్నీ విప్పి పదింటినీ ఒకే కుప్పగా పోసేస్తుంది. తేజ కుప్ప, వండర్ హాట్ కుప్ప కలిపేసి "ఈ మిర్చి ఎంత ఊగుతోంది" అని అడిగినట్టు. పది సంఖ్యల సగటు 15,000. ఒక్కో రకం తన సొంత సగటు చుట్టూ 1,16,000 మాత్రమే ఊగుతోంది. కానీ రెండు రకాల సగటులూ ఈ 15,000కు చెరో 1,000 దూరంలో ఉన్నాయి. 1,000 వర్గం 10,00,000. అదీ 1,16,000 కలిపితే 11,16,000. రకానికీ రకానికీ ఉన్న ధర తేడాను నువ్వు రోజువారీ ఊగిసలాటగా లెక్క కట్టావన్నమాట.

యాక్సిస్ 1 ఇస్తే ఒక్కో రకానికి ఒక్కో జవాబు, రెండూ 1,16,000. యాక్సిస్ 0 ఇస్తే ఒక్కో రోజుకు ఒక్కో జవాబు, ఐదూ 10,00,000. ఆ రోజు రెండు రకాల మధ్య ఎంత ఎడముందో అది చెప్తుంది. యాక్సిస్ నంబర్ దగ్గర కొత్తవాళ్లందరూ తడబడతారు. నేను నేర్పేటప్పుడు ఒక్కటే చెప్తా: ఏ యాక్సిస్ ఇస్తావో ఆ దిక్కు జవాబులో మాయమైపోతుంది. 2 వరుసలు, 5 నిలువుల అర్రేకి యాక్సిస్ 1 ఇస్తే 5 పోతుంది, 2 మిగులుతుంది. జవాబు షేప్ ప్రింట్ చేసి చూస్కో, అనుమానం తీరుతుంది. పాండాస్ డేటాఫ్రేమ్ మాత్రం చెప్పకపోయినా కాలమ్ కాలమ్‌కు విడిగానే లెక్కిస్తుంది, అందుకే నీకు అక్కడ ఈ తిప్పలు రాలేదు.

నీ మూడు నంబర్ల కథ ఇంతే. కానీ నీ ప్రశ్న చివర్లో ఒక మాట అన్నావు: "వర్గాల సగటు లోంచి సగటు వర్గం తీసేస్తే ఒకే లూప్‌లో అయిపోతుంది కదా, అలా సొంతంగా రాసుకుంటా." అక్కడ ఆగు. ఆ ఫార్ములా కాగితం మీద నూటికి నూరు పాళ్లు నిజం, కంప్యూటర్‌లో కొంప ముంచుతుంది. నాకు ముంచింది.

చాలా ఏళ్ల కింద మా జిల్లాలో ఒక జిన్నింగ్ మిల్లు వాళ్ల వే బ్రిడ్జికి, అదే లారీ కాంటాకి, చిన్న బోర్డు మీద ప్రోగ్రామ్ రాశాను. లారీ ఎక్కాక డ్రైవర్ దిగడం, టైర్లు సర్దుకోవడం, గాలి, వీటితో కాసేపు రీడింగ్ ఊగుతుంది. చివరి కొన్ని రీడింగుల స్టాండర్డ్ డీవియేషన్, అంటే వేరియన్స్ వర్గమూలం, 3 కిలోల లోపుకు వస్తేనే చీటీ ప్రింట్ కావాలి. నేను నువ్వన్న ఫార్ములానే పెట్టాను. ఇంట్లో చిన్న బరువులతో టెస్ట్ చేస్తే బాగానే నడిచింది. పత్తి సీజన్‌లో రెండు రకాల గోల మొదలైంది. ఒక లారీ ఇంకా ఊగుతుండగానే చీటీ వచ్చేస్తోంది. ఇంకో లారీ దాదాపు కదలకుండా నిలబడ్డా చీటీ రాదు, వెనక బండ్లు హారన్లు కొడుతుంటాయి. ఒకే లోడుకు రెండుసార్లు కాంటా వేయించి రెండు చీటీలు పక్కపక్కన పెట్టి చూపించిన డ్రైవర్ ముఖం నాకిప్పటికీ గుర్తే. ఆయన నన్ను దొంగ కాంటా వాడి కింద లెక్కేశాడు.

లెక్క దగ్గరి నుంచి చూపిస్తా, కాగితం తీసుకో. అసలు ప్రోగ్రామ్‌లో ఎక్కువ రీడింగులు వాడాను, ఇక్కడ నాలుగు చాలు. 18,240, 18,245, 18,240, 18,235 కిలోలు. సగటు 18,240, తేడాల వర్గాల మొత్తం 50, నాలుగుతో భాగిస్తే 12.5, స్టాండర్డ్ డీవియేషన్ మూడున్నర కిలోలు. అంటే చీటీ రాకూడదు. ఇప్పుడు ఆ షార్ట్‌కట్ ఫార్ములా. నాలుగు రీడింగుల వర్గాలు కలిపితే నిజమైన మొత్తం 1,33,07,90,450. నా బోర్డులో ఉన్నది 32 బిట్ల ఫ్లోట్, అంటే దశాంశ సంఖ్యలను 32 బిట్లలో దాచే పద్ధతి. దానికి సుమారు ఏడు అంకెల వరకే ఖచ్చితత్వం. నూట ముప్పై కోట్ల దగ్గర అది పట్టుకోగల సంఖ్యల మధ్య ఎడం 128. అంటే 1,33,07,90,400 పట్టుకుంటుంది, దాని తర్వాతది 1,33,07,90,528. మధ్యలో ఇంకేమీ లేవు. మన 450 వచ్చి 400 దగ్గర కూర్చుంది. నాలుగుతో భాగిస్తే 33,26,97,600. సగటు వర్గం కూడా సరిగ్గా అదే. తీసేస్తే సున్నా. మనకు కావాల్సిన సమాచారమంతా ఆ 50లోనే ఉంది, అదే కొట్టుకుపోయింది. ప్రోగ్రామ్ దృష్టిలో లారీ కొండలా కదలకుండా ఉంది, చీటీ ప్రింట్.

రెండో గోల దీనికి ఉల్టా. 18,240, 18,240, 18,235 తీసుకో. నిజమైన వేరియన్స్ 5.56, అంటే రెండున్నర కిలోల లోపే, చీటీ రావాలి. అదే 32 బిట్ల ఫ్లోట్‌లో ఒక్కో అడుగూ గుండ్రం చేసుకుంటూ పోతే వర్గాల సగటు 33,26,36,800 వస్తుంది, సగటు వర్గం 33,26,36,832 వస్తుంది. తేడా మైనస్ 32! వేరియన్స్ ఎప్పుడూ మైనస్ కాకూడదు, కానీ అయ్యింది. మైనస్‌కు వర్గమూలం అడిగితే జవాబు నాన్, అంటే సంఖ్యే కాదు. నాన్ 3 కంటే తక్కువా అని అడిగితే జవాబు ఎప్పుడూ అబద్ధమే. ఇక చీటీ ఎలా వస్తుంది?

64 బిట్ల ఫ్లోట్, దాన్నే డబుల్ అంటారు, వాడితే పదిహేను పదహారు అంకెలు పడతాయి కాబట్టి ఈ లారీకి సమస్య ఉండదు. కానీ రోగం పోదు, వాయిదా పడుతుంది. టైమ్‌స్టాంపుల లాంటి పెద్ద సంఖ్యలు, వాటి మధ్య చిన్న తేడాలు ఉన్నచోట డబుల్ కూడా అలాగే చేతులెత్తేస్తుంది. పైగా పాత తరం ఆర్డుయినో యూనో లాంటి చిన్న కంప్యూటర్ బోర్డుల్లో డబుల్ అని రాసినా లోపల ఉండేది నాలుగు బైట్ల ఫ్లోటే. నేను అక్కడే బోల్తా పడ్డాను, డబుల్ అని రాసుకుని ధీమాగా ఉన్నా.

మందు చాలా తేలిక. వేరియన్స్‌కు ఒక మంచి గుణం ఉంది, అన్ని సంఖ్యల్లోంచీ ఒకే సంఖ్య తీసేస్తే అది మారదు. ఆ రాత్రి నేను మార్చింది ఒక్క లైనే. ప్రతి రీడింగ్ లోంచి మొదటి రీడింగ్ తీసేశాను. 18,240, 18,245, 18,240, 18,235 కాస్తా 0, 5, 0, మైనస్ 5 అయ్యాయి. ఇప్పుడు అదే చెత్త ఫార్ములా కూడా 12.5 ఇస్తుంది.

డేటా అంతా చేతిలో ఉంటే ఇంకా శుభ్రమైన పద్ధతి రెండుసార్లు తిరగడం. మొదటి చుట్టులో సగటు, రెండో చుట్టులో తేడాల వర్గాలు. నమ్‌పై లోపల చేసేదీ ఇదే. రీడింగులు ఒకటొకటిగా వస్తూ ఉండి, దాచుకునే చోటు లేకపోతే వెల్ఫర్డ్ పద్ధతి వాడు. 1962లో ఆయన ప్రచురించాడు, ఇప్పటికీ ఇంతకంటే పొట్టిది నేను చూడలేదు. తెలుగులో రాసి చూపిస్తా:

సంఖ్య = 0, సగటు = 0, మొత్తం = 0
ప్రతి విలువకు:
సంఖ్య = సంఖ్య + 1
తేడా = విలువ − సగటు
సగటు = సగటు + తేడా ÷ సంఖ్య
మొత్తం = మొత్తం + తేడా × (విలువ − సగటు)
చివర్లో వేరియన్స్ = మొత్తం ÷ (సంఖ్య − 1)

నాలుగో అడుగులో తేడా అనేది పాత సగటు నుంచి, కుండలీకరణంలోది కొత్త సగటు నుంచి. రెండూ ఒకటే అనుకుని తేడా వర్గం పెడితే జవాబు తప్పుతుంది, నా దగ్గరికి వచ్చిన కోడ్‌లలో ఎక్కువ తప్పులు ఇక్కడే. నీ తేజ రేట్లు ఐదూ ఇందులో వేసి చూడు, మొత్తం 5,80,000 రావాలి. అన్నట్టు పైథాన్ 3లో వేరియబుల్‌కు సంఖ్య, సగటు అని తెలుగు పేర్లు పెట్టినా నడుస్తుంది, ఇంట్లో చేసి చూడు. ఆఫీసులో మాత్రం వద్దు, టీమ్‌లో తెలుగు కీబోర్డు లేనివాడు తిట్టుకుంటాడు.

ఈ పద్ధతితో ఇంకో లాభం, విడివిడి కుప్పల లెక్కలను తర్వాత కలపొచ్చు. తేజ మొత్తం 5,80,000, వండర్ హాట్ మొత్తం 5,80,000, సగటుల మధ్య ఎడం 2,000. ఎడం వర్గాన్ని 5 × 5 ÷ 10తో గుణిస్తే 1,00,00,000. మూడూ కలిపితే 1,11,60,000, పదితో భాగిస్తే 11,16,000. నిన్ను కంగారుపెట్టిన నంబరే మళ్లీ వచ్చింది చూశావా? వరంగల్ ఫైలు ఒక మెషీన్‌లో, ఖమ్మం ఫైలు ఇంకో మెషీన్‌లో ఉన్నా, ఒక్కోదాని నుంచి సంఖ్య, సగటు, మొత్తం మూడే తెచ్చుకుని ఇలా కలిపేయొచ్చు.

నమ్‌పై వాడేటప్పుడు కూడా ఒక జాగ్రత్త. పూర్ణాంకాల అర్రే ఇస్తే అది తనంతట తానే 64 బిట్లకు మారి లెక్కిస్తుంది. కానీ 32 బిట్ల ఫ్లోట్ అర్రే ఇస్తే ఆ 32 లోనే లెక్కిస్తుంది. డీటైప్ అనే ఆప్షన్ దగ్గర ఫ్లోట్ 64 అని చెప్తే ఆ ఇబ్బంది పోతుంది. మెమరీ తక్కువ పడుతుందని 32కి మార్చుకున్న పెద్ద ఫైళ్ల దగ్గర ఇది గుర్తుంచుకో. స్టాటిస్టిక్స్ మాడ్యూల్ భిన్నాలుగా మార్చి ఖచ్చితంగా లెక్కిస్తుంది కాబట్టి ఈ బాధ లేదు, కాకపోతే మెల్లగా నడుస్తుంది. చిన్న డేటాతో నీ కోడ్ సరిచూసుకోవడానికి అది మంచి కొలబద్ద.

నీ ఫైల్‌లో నాకు నచ్చనిది ఒకటుంది. సెలవు రోజున రేటు 0 అని వేశావు. ఇది డీడాఫ్ కంటే వంద రెట్లు పెద్ద తప్పు. నీ ఐదు రేట్లకు ఒక్క 0 చేర్చి చూడు, ఎన్‌తో భాగించినా వేరియన్స్ 1,16,000 నుంచి 2.73 కోట్లకు ఎగబాకుతుంది. స్టాండర్డ్ డీవియేషన్ 340 రూపాయలది 5,227 అవుతుంది. మేడారం జాతరకు మార్కెట్ బంద్ పెడితే మిర్చి ధర సున్నాకు పడిపోయినట్టా? అక్కడ ఖాళీ ఉంచు, నాన్‌గా చదువుతుంది. అప్పుడు నమ్‌పై వార్ జవాబే నాన్ ఇస్తుంది, నాన్‌వార్ వాడితే ఖాళీలను దాటుకుపోతుంది. పాండాస్ ఏమీ అనకుండా దాటేస్తుంది, కాబట్టి నిజంగా ఎన్ని రోజులు లెక్కలోకి వచ్చాయో కౌంట్ కూడా పక్కన ప్రింట్ చేసుకో. ఒక్కరోజే మిగిలితే ఎన్ మైనస్ 1 సున్నా అవుతుంది, జవాబు నాన్. అది తప్పు కాదు, ఒక్క రేటుతో ఊగిసలాట ఎవరు చెప్పగలరు?

ఇక నాన్నకు చెప్పాల్సింది. వేరియన్స్ యూనిట్ రూపాయల వర్గం, 1,45,000 అని చెప్తే ఆయన భయపడతారు. వర్గమూలం తీసి, తేజ రేటు సగటు నుంచి అటూ ఇటూ సుమారు 380 రూపాయలు ఊగింది అని చెప్పు. వండర్ హాట్‌కూ అదే 380. కానీ 14,000 మీద 380 అంటే 2.7 శాతం, 16,000 మీద 2.4 శాతం. ధర స్థాయిలు వేరైన రకాలను పోల్చేటప్పుడు ఈ శాతమే వాడాలి. ఐదు రోజుల డేటాతో 2.7కీ 2.4కీ తేడా ఉందని మాత్రం వాదించకు, కనీసం రెండు మూడు నెలల రేట్లు తీసుకో.

నువ్వు పేపర్ చూసి రాసుకున్న రేట్లు జెండా పాటవి అనుకుంటా. అది ఆ రోజు యార్డులో పలికిన పై ధర. నాన్న బస్తాలకు దొరికేది తేమను బట్టి, రంగును బట్టి, తాలును బట్టి చాలాసార్లు అంతకంటే తక్కువే ఉంటుంది. జెండా పాట వేరియన్స్ ఎంత జాగ్రత్తగా కట్టినా అది పై ధర ఊగుడే, రైతు చేతికొచ్చే ధర ఊగుడు కాదు. కనిష్ఠ, గరిష్ఠ, మోడల్ (ఎక్కువ సరుకు పలికిన) ధరలు మూడూ రోజువారీగా ప్రభుత్వ మార్కెట్ ధరల సైట్ అగ్‌మార్క్‌నెట్‌లో ఉంటాయి. మోడల్ ధర కాలమ్ దింపుకుని, సెలవులు ఖాళీగా ఉంచి, రకం రకానికి విడిగా, డీడాఫ్ 1తో మళ్లీ నడుపు. నాన్న దగ్గర గత సీజన్ల తక్‌పట్టీలు, అంటే సరుకు అమ్మినప్పుడు ఇచ్చే చీటీలు, దాచి ఉంటే వాటి రేట్లు ఇంకో కాలమ్‌గా చేర్చు, నాకైతే ఆ కాలమ్ వేరియన్స్ ఎంతొస్తుందో చూడాలని ఉంది.